అమ్మ ఇల్లు, అమ్మ కాళ్లు: నాలుగు నెలల పని డైరీ

జూన్ 11, హన్మకొండ

మృగశిర కార్తె వచ్చి మూడు రోజులైంది. మొన్న తెల్లవారుజామున అమ్మ బాత్‌రూమ్‌లో జారి పడింది. ఎముక విరగలేదు. కుడి మణికట్టు వాచింది, తుంటి మీద అరచేయంత మేర కమిలింది. ఎక్స్‌రే చూసి వైద్యుడు "ఈసారికి గండం గడిచింది" అన్నారు. ఆ "ఈసారికి" అన్న మాట నన్ను వదలడం లేదు.

పడటం కన్నా ఆ తరువాతి పది నిమిషాలే నన్ను ఎక్కువ భయపెట్టాయి. ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. అమ్మ సరిగ్గా తలుపు వెనకే పడింది, లోపల గడియ పెట్టి ఉంది. తలుపు పగలగొడితే అది ఆమె మీదే పడుతుంది. చివరకు ఆమే నేల మీద కొంచెం కొంచెం పక్కకు జరిగి, ఎడమచేత్తో గడియ తీసింది.

నేను ఇరవై రెండేళ్లుగా ఇళ్లు కట్టిస్తున్నాను. పూజగది ఏ మూలన ఉండాలని అడిగినవాళ్లు ఉన్నారు, కారు పట్టేంత గేటు కావాలన్నవాళ్లు ఉన్నారు. పెద్దవాళ్లు లోపల పడితే తలుపు ఎటు తెరుచుకోవాలని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. పైగా మా బాత్‌రూమ్‌లో నున్నటి టైల్స్ వేయించింది నేనే. నాన్న పరిపించిన గరుకు షాబాదు బండలు పాతబడ్డాయని ఆరేళ్ల కిందట తీయించేశాను.

అమ్మకు 72 ఏళ్లు. మంచం మీద పడుకొని ఆమె అడిగింది ఒక్కటే: "బతుకమ్మ నాటికి తిరగగలనా బిడ్డా?" పోయిన ఏడు ఆమె కుర్చీలో కూర్చొని చూసింది, ఆడలేదు. కాళ్లలో బలం లేదంది. అప్పుడు నేను దాన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకున్నాను. ఇప్పుడు ఈ పనికి గడువు పెట్టుకున్నాను: పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ.

జూన్ 14

కొత్త సైటుకు వెళ్లినప్పుడు ముందుగా చేసేది కొలతలే. ఇక్కడా అదే చేశాను. రాత్రి పదకొండుకు దీపాలన్నీ ఆర్పి, అమ్మ మంచం మీద పడుకొని, లేచి, ఆమె వెళ్లే దారిలోనే బాత్‌రూమ్ దాకా నడిచాను. 31 అడుగులు, రెండు గడపలు, ఒక మెట్టు. మొదటి స్విచ్చు తలుపు వెనక ఉంది, దాన్ని వేయాలంటే చీకట్లో నాలుగు అడుగులు నడవాలి. హాలులో చిన్న పట్టా అంచు పైకి లేచి ఉంది. వంటింటి నుంచి వెనక వసారాలోకి దిగే మెట్టు, దాని కింది నేల ఒకే బూడిద రంగు గ్రానైటు. మెట్టు ఎక్కడ ముగిసిందో నాకే కనబడలేదు. నాకు 49 ఏళ్లు, కళ్లద్దాలు లేవు.

ఇంటి తరువాత మనిషి. పడిపోయే ముప్పును అంచనా వేయడానికి వైద్యులు వాడే రెండు సులువైన పరీక్షలు ఉన్నాయి. మణికట్టుకు కట్టు ఉన్నా చేతులతో పని లేదు కాబట్టి, వైద్యుణ్ని అడిగి చేయించాను. మొదటిదానికి 17 అంగుళాల ఎత్తున్న, చేతులు లేని కుర్చీని గోడకు ఆనించాలి. చేతులు ఛాతీ మీద కట్టుకొని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టాలి. 70 నుంచి 74 ఏళ్ల స్త్రీలు 10 కన్నా తక్కువ చేస్తే కాళ్లు బలహీనపడినట్టు. అమ్మ 7 చేసింది. రెండోదానిలో కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. 12 సెకన్లు, అంతకు మించి పడితే జాగ్రత్త పడాలి. అమ్మకు 17 పట్టింది.

పరామర్శకు వచ్చినవాళ్లంతా "వయసు కదా" అని వెళ్తున్నారు. నా పుస్తకంలో మాత్రం ఇంటి తప్పులు పదకొండు తేలాయి, కాళ్ల లెక్కలు రెండు తేలాయి. అన్నీ టేపుకూ గడియారానికీ అందేవే.

జూన్ 22

తలుపుతో మొదలుపెట్టాను. చౌకట్టు అలాగే ఉంచి, కీళ్లు మార్పించి తలుపును బయటికి తెరుచుకునేలా చేయించాను. గడియ తీసేసి, అవసరమైతే బయటినుంచి నాణెంతో తిప్పి తీయగలిగే రకం పెట్టించాను. వడ్రంగికి ఒక పూట పని. మిగతావేవీ చేయించలేని ఇంట్లో కూడా ఇదొక్కటి చేయించమని చెబుతాను.

తరువాత చేతిపట్టు కడ్డీలు. ఇక్కడ ఒక తప్పు జరిగింది. టైలు మీద రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్గులు కొట్టి, స్క్రూలతో కడ్డీ బిగించాం. చూడటానికి గట్టిగానే ఉంది. కానీ అమ్మ పట్టుకోకముందే నా 78 కిలోల బరువంతా వేసి ఒక్క కుదుపు కుదిపాను. పై ప్లగ్గు టైలు ముక్కతో సహా ఊడి వచ్చింది. అది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. టైలుకూ ఇటుకకూ మధ్య సిమెంటు మసాలా అంతటా పట్టలేదు, ప్లగ్గు ఆ బోలులోనే ఆగింది. ఆ రోజు పరీక్షించకపోయి ఉంటే అమ్మ జారినప్పుడు కడ్డీతో సహా పడేది.

రెండోసారి గోడకు ఆరపార రంధ్రం వేసి, అవతలి వైపు ఇనుప పలక పెట్టి, పొడవాటి బోల్టులతో బిగించాం. నీళ్లు దిగకుండా రంధ్రాల చుట్టూ సిలికాన్ పూశాం. మళ్లీ వేలాడాను, కదల్లేదు. కడ్డీ లావు అంగుళంపావు. గోడకూ కడ్డీకీ మధ్య అంగుళంన్నర ఖాళీ ఉండాలి. అంతకన్నా ఎక్కువ ఉంటే జారినప్పుడు చేయి సందులోకి దూరి ఇరుక్కుంటుంది. ఎత్తు 33 నుంచి 36 అంగుళాలు అని అమెరికా నియమం. అమ్మ పొడవు 4 అడుగుల 10 అంగుళాలే కాబట్టి, ఆమెను నిలబెట్టి చేయి ఆనించమని, 32 దగ్గర గీత గీశాను. కమోడు పక్కన అడ్డంగా ఒకటి, స్నానం చేసే చోటికి వెళ్లే మలుపులో నిలువుగా ఒకటి.

ఒక మాట ఇక్కడే రాసిపెట్టుకోవాలి. తువాలు ఆరేసే కడ్డీని పెద్దవాళ్లు చేతిపట్టుగా వాడతారు. అమ్మ కూడా ఇన్నాళ్లూ దాన్నే పట్టుకుంటోంది. అది మనిషి బరువుకు చేసినది కాదు. గోడకు గాలి బిగింపుతో అతుక్కునే రబ్బరు పిడులనూ నేను నమ్మను. ఆ తువాలు కడ్డీని తీసేశాను, తువాలుకు మేకు కొట్టాను.

జూలై 3

టైల్స్ మార్చాం. ఒక అడుగు చదరం, గరుకు రకం. చిన్నవి తీసుకోవడానికి కారణం ఉంది: టైలు చిన్నదైతే సందులు ఎక్కువ, పాదానికి పట్టు ఎక్కువ. పైగా నీటి వాలు నలువైపులా సరిగ్గా కుదురుతుంది. పాత నేలలో వాలు తలుపు వైపు కొంత తిరిగి ఉండటంతో సబ్బునీళ్లు గుమ్మం దగ్గరే నిలిచేవి. అమ్మ జారింది అక్కడే.

గరుకు టైలు వేసినంత మాత్రాన సరిపోదు. మాది బోరు నీళ్లు, ఉప్పదనం ఎక్కువ. సబ్బు, ఉప్పు కలిసి తెల్లటి పొరలా పేరుకుంటాయి. తడిసినప్పుడు ఆ పొరే జారుతుంది. వారానికి రెండుసార్లు గట్టి బ్రష్షుతో రుద్దాలి. ఆ పని నాది, మా ఆవిడది కాదు. అలాగే రాసిపెట్టుకున్నాం.

అమ్మ పాత స్నానపు పీట ఎత్తు ఆరు అంగుళాలు. ఆరు అంగుళాల నుంచి లేవడం అంటే మోకాళ్ల మీద ఎంత భారమో! 17 అంగుళాల స్టూలు, కాళ్లకు రబ్బరు తొడుగులు ఉన్నది తెచ్చాను. నీళ్ల బకెట్టు కూడా దాని పక్కనే దిమ్మె మీద పెట్టాం, వంగకుండా అందుతుంది. పీటను పారేయనివ్వలేదు అమ్మ. పెళ్లిలో ఇచ్చిందట. దేవుడి దగ్గర పెట్టుకుంది.

జూలై 9

వెలుతురు. మంచం పక్క చేతికి అందే ఎత్తులో స్విచ్చు. హాలులో, వంటింట్లో, వసారాలో నేలకు అడుగు ఎత్తున మనిషి కదలికకు వెలిగే చిన్న దీపాలు. కింద పెట్టించింది ఎందుకంటే నిద్ర కళ్లలోకి సూటిగా వెలుగు పడితే కాసేపు ఏమీ కనబడదు. కావలసింది కళ్లకు కాదు, పాదాలకు.

మెట్లు, గడపల దగ్గర అమ్మే నాకు ఒకటి నేర్పింది. ఇంటి మూడు గడపల్లో వీధి గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడుతుంది. "ఈ గడప దగ్గర ఎప్పుడైనా కాలు తట్టుకుందా?" అని అడిగితే "అది కనబడుతుంది కదా" అంది. నల్లరాతి పక్కన పసుపు గీత! మెట్ల అంచులకు రంగు తేడా ఉండాలని చెబుతారు. మన గడపలు తరతరాలుగా ఆ తేడాతోనే ఉన్నాయి. మిగతా రెండు గడపలకూ, వసారా మెట్టు అంచుకూ పసుపు రంగు పెయింటు వేయబోతే బాత్‌రూమ్ వైపు మెట్టుకు పసుపు వద్దంది. ఆమె మాట సబబే. దానికి తెలుపు వేశాం, రెండు అంగుళాల పట్టీ. మిగతా రెండింటికి ప్రతి శుక్రవారం తనే పసుపు రాస్తానంది.

పట్టా తీసేశాం. అరిగిన రబ్బరు చెప్పులు పోయి, మడమ పట్టీ ఉన్నవి వచ్చాయి. చీర కుచ్చిళ్లు చీలమండకు రెండు అంగుళాల పైన ఉండేలా కట్టుకోమన్నాను. దానికి మాత్రం వారం రోజులు ఒప్పుకోలేదు.

జూలై 20

అమ్మ ఆ రోజు ఎందుకు తూలిందన్న ప్రశ్న మిగిలే ఉంది. జారడానికి ముందు "కళ్లు చీకట్లు కమ్మాయి" అంది. మొదట ఆ మాట నేను పట్టించుకోలేదు. పడుకొని ఐదు నిమిషాలయ్యాక బీపీ చూస్తే 148/84. లేచి నిలబడిన ఒక నిమిషానికి 122/76. నిలబడిన మూడు నిమిషాల లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అది తలతిరుగుడుకు, పడిపోవడానికి కారణం కావచ్చు. అమ్మకు 26 పడింది.

ఈ అంకెలు రాసిన కాగితం తీసుకొని వైద్యుడి దగ్గరకు వెళ్లాం. కూర్చోబెట్టి చూసే బీపీలో ఇది దొరకదు. ఆయన మాత్రల మోతాదు, వేళ మార్చారు. మేము ఇంట్లో మార్చలేదు, అలా ఎవరూ మార్చకూడదు. దీనితోపాటు ఇంకో సంగతి బయటపడింది. రాత్రి లేవాల్సి వస్తుందని అమ్మ సాయంత్రం నాలుగు నుంచే నీళ్లు మానేస్తోంది. రోజు మొత్తం మీద నాలుగు గ్లాసులు కూడా లేవు. ఒంట్లో నీరు తగ్గినా నిలబడగానే బీపీ పడుతుంది. ఇప్పుడు నీళ్లన్నీ పొద్దున, మధ్యాహ్నం తాగుతోంది, రాత్రి ఏడు తరువాత తగ్గిస్తోంది. లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చొని, పాదాలు పైకీ కిందికీ పదిసార్లు ఆడించి, అప్పుడు నిలబడుతుంది.

ఆగస్టు 2

కట్టు విప్పారు. ఇక కాళ్ల పని.

నాకు తెలిసినంతలో ఇంట్లో జరిగే మార్పుల్లో అందరూ వదిలేసేది ఇదే. కడ్డీ పట్టుకొని లేవాలన్నా తొడలో బలం ఉండాలి. అమ్మ పదేళ్ల కిందటి దాకా నేల మీద కూర్చొని బియ్యం చెరిగేది, కూరగాయలు తరిగేది, లేచేది, మళ్లీ కూర్చునేది. రోజుకు ముప్పై సార్లైనా. మోకాళ్ల నొప్పులని అన్నీ బల్ల మీదకు చేర్చాం. మంచి మనసుతోనే చేశాం. కానీ ఆ ముప్పై సార్ల బదులు ఏమీ పెట్టలేదు.

ఫిజియోథెరపిస్టు చెప్పిన ప్రకారం మొదలుపెట్టాం. కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఐదుసార్లు, కాస్త ఆగి మళ్లీ ఐదు, మళ్లీ ఐదు. తొందర లేదు, కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా నెమ్మదిగా దిగాలి. దిగడంలోనూ బలం వస్తుంది. పాలు కాగేలోపు వంటగట్టు పట్టుకొని మడమలు ఎత్తి దించడం. పక్కన నేను ఉన్నప్పుడే, ఒక పాదం ముందు ఇంకో పాదం మడమకు వేలు తగిలేలా పెట్టి పది సెకన్లు నిలబడటం.

మూడో రోజే విసుగు వచ్చింది అమ్మకు. "ఇదేం నిలబడటం" అంది. బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మార్చడం గురించి నేను చెబుతుంటే, "ఇది బతుకమ్మ అడుగే కదా" అని లేచింది. హాలు మధ్య ఒక కుర్చీ పెట్టి, దాని చుట్టూ అడుగు వేయడం, వంగి చప్పట్లు కొట్టడం, తిరగడం. నిజంగా అందులో అన్నీ ఉన్నాయి: పక్క అడుగు, వంగి లేవడం, మలుపు, ఒంటికాలి మీద క్షణం నిలవడం. "ఉయ్యాలో" అన్న పల్లవితోనే లెక్క. ఆ రోజు నుంచి నేను గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు.

సాయంత్రాలు వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడక. మొదట పది నిమిషాలు, ఇప్పుడు ఇరవై.

ఈ రోజు లెక్క: 30 సెకన్లలో 8. నడక 15 సెకన్లు.

ఆగస్టు 10

వ్యాయామం చేసినా కండ పట్టాలంటే తిండి ఉండాలి. అమ్మ రోజంతా తినేది మూడు రోజులు తూకం వేసి రాశాం. బరువు 54 కిలోలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 45 గ్రాములు. అమ్మ తింటున్నది 29 దగ్గర ఆగింది. అందులోనూ సగం అన్నం నుంచే. పప్పు అంటే నీళ్ల పప్పు రెండు గరిటెలు. రాత్రి మజ్జిగతో జొన్న గటక. శనివారం ఒక పూటే.

కొత్త తిండి ఏదీ తేలేదు. సాయంత్రం గుడాలు: ఒక రోజు శనగలు, ఒక రోజు పెసలు, ఒక రోజు బొబ్బర్లు. 40 గ్రాముల గింజలు నానబెట్టి ఉడికిస్తే ఎనిమిది గ్రాముల దాకా వస్తాయి. పప్పు చిక్కగా వండుతున్నాం. వారంలో నాలుగు రోజులు పొద్దున ఒక గుడ్డు, అది ఆరు గ్రాములు. గట్టి పెరుగు ఒక కప్పు. మా ఆవిడ ఆదివారం సర్వపిండిలో శనగపప్పు, పల్లీలు, నువ్వులు రెండింతలు వేస్తోంది, పళ్లకు ఇబ్బంది లేకుండా పల్చగా తడుతోంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఇలా పెంచేముందు వైద్యుణ్ని అడగాలి. అమ్మకు ఆ పరీక్షలు చేయించే మొదలుపెట్టాం.

ఉప్పు సంగతి కష్టంగానే ఉంది. రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా, కూరలూ పచ్చళ్లూ అన్నీ కలిపి. మామిడికాయ పచ్చడి మానమని నేను అడగలేదు. ఒక పూటకే పరిమితమైంది, మజ్జిగలో ఉప్పు పోయింది.

ఆగస్టు 29

అమ్మకు జ్వరం వచ్చి తగ్గింది. ఆరు రోజులు మంచం మీదే. నిన్న లేచాక పరీక్ష పెడితే 30 సెకన్లలో 7. జ్వరానికి ముందు 10 చేసింది. రెండున్నర నెలల కిందటి అంకె దగ్గరకు వచ్చి నిలబడ్డాం.

ఈ పేజీ రాయడానికి మనసు రాలేదు, కానీ ఇదే ఎక్కువమందికి అవసరం. పెద్ద వయసులో పడుకున్న ప్రతి రోజూ కండ కరుగుతుంది, అదీ చాలా వేగంగా. జ్వరమొస్తే "కదలకు, పడుకో" అనడం మన ఇళ్లలో ప్రేమ. నేనూ అన్నాను. రెండో రోజు నుంచే గంటకోసారి లేపి మంచం చుట్టూ నడిపించి ఉంటే, కూర్చున్న చోటే కాళ్లు చాపించి ఉంటే ఇంత పోయేది కాదు. మళ్లీ మొదటి నుంచి: ఐదు, ఐదు, ఐదు.

సెప్టెంబరు 14

వీధి మెట్లు. మా ముందు సీసీ రోడ్డు పడి ఎత్తు పెరగడంతో మొదటి మెట్టు నాలుగు అంగుళాలే మిగిలింది, తరువాతివి ఏడు, ఏడున్నర. మెట్లు ఎక్కేటప్పుడు కాలు మొదటి మెట్టు కొలతను గుర్తుపెట్టుకొని మిగతావీ అంతే అనుకుంటుంది. తేడా ఉన్నచోట తట్టుకుంటుంది. అన్నీ పగలగొట్టించి ఆరు అంగుళాలకు సమంగా కట్టించాం, ఒక పక్క రైలింగు. పైన ఉన్న కరీంనగర్ గ్రానైటు అద్దంలా మెరిసేది. రాయి అదే ఉంచి, అంచుల దగ్గర గాట్లు కొట్టించాం. వాకిట్లో వానకు పట్టిన పాచిని బ్లీచింగు పౌడరుతో రుద్ది తీశాం. అమ్మ తెల్లవారి చీకట్లో సాంపి చల్లి తడి బండల మీదే ముగ్గు వేసేది. ఇప్పుడు వెలుతురు వచ్చాక, చెప్పులతో.

ఈ రోజు లెక్క: 10. నడక 12.5 సెకన్లు.

ఎంగిలిపూల బతుకమ్మ మరునాడు

నిన్న పొద్దున పరీక్ష: 30 సెకన్లలో 11. నడక 11.4. బీపీ పడుకొని 138/80, నిలబడ్డాక 130/78.

సాయంత్రం వేయి స్తంభాల గుడికి వెళ్లాం. ఇసుక వేస్తే రాలనంత జనం. తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మను మా ఆవిడ ఎత్తుకుంది, అమ్మను మోయనివ్వలేదు. గుంపు అంచున, నేల చదునుగా ఉన్న చోట చిన్న చుట్టు చూసి నిలబెట్టాను. రెండు పాటలు అయ్యేదాకా తిరిగింది. మూడోదానికి తనే పక్కకు వచ్చి గట్టు మీద కూర్చుంది, నీళ్లు తాగింది, మళ్లీ వెళ్లింది. నేను చేతిగడియారం చూశాను: ఆగి ఆగి మొత్తం 26 నిమిషాలు. రాత్రి మోకాళ్లు పట్టేశాయంటే వేడినీళ్ల కాపడం పెట్టాం. పొద్దున లేచి కుర్చీ దగ్గర ఐదు, ఐదు, ఐదు చేసింది.

మిగిలిన పనులు: మేడమెట్లకు రెండో పక్క రైలింగు, పండుగ చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి పద్మాక్షి గుట్ట దగ్గర మెట్లు తక్కువ ఉన్న దారి ముందే చూసి రావడం, ఎడమ కంటి శుక్లం పరీక్ష. గుడిలో అమ్మ పక్కన తిరిగిన ఎదురింటి పెద్దమ్మ తమ బాత్‌రూమ్ తలుపు కూడా లోపలికే తెరుచుకుంటుందని చెప్పింది. ఆదివారం టేపు తీసుకొని వెళ్తున్నాను, వడ్రంగికి ఫోను చేశాను.